దూది కడుపునొప్పి

నా చిన్నప్పుడు సోమవారం వచ్చిందంటే చాలు, నాకు కడుపునొప్పి వచ్చేది. అప్పుడు మా నాయనమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిన కథ ఇది. ఆమె గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. వినండి మరి.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక బడి. ఆ బడికి కొంగ పంతులు. ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేవాడు. మంచివాడే, కాకపోతే వేళాకోళం కాస్త ఎక్కువ.

ఆ బడిలో దూది అనే కుందేలు పిల్ల చదివేది. బడంటే దానికి ప్రాణం. అలాంటిది ఒకరోజు పొద్దున్నే, "అమ్మా, కడుపునొప్పి. నేను బడికి వెళ్లను" అంది.

అమ్మ వాము నమిలించింది. తగ్గలేదు. మర్నాడు అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. అయినా తగ్గలేదు. మూడోరోజు నాన్నకు కోపం వచ్చింది.

"ఇది బడి ఎగ్గొట్టే దొంగనొప్పి. పద" అని లాక్కెళ్లి బడిలో దిగబెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం దూది గడ్డిపోచ కూడా ముట్టలేదు. బొరియలో ఒక మూలకు ముడుచుకుని పడుకుంది. అమ్మ మళ్లీ వాము డబ్బా అందుకోబోయి, ఆగింది. వచ్చి దూది పక్కన కూర్చుంది.

"నొప్పి ఎప్పుడు మొదలవుతుంది తల్లీ?"

"పొద్దున్నే బడి గుర్తుకు రాగానే."

"మరి తగ్గేదెప్పుడు?"

"బడి వదిలే వేళకి."

అమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి దూది తనే చెప్పింది.

"మొన్నామధ్య చెట్ల పేర్లు చెబుతూ మామిడి అనబోయి మాడిమి అన్నానమ్మా. పంతులుగారు నవ్వి, 'ఇలా రావే మాడిమీ' అన్నారు. అప్పట్నుంచి అందరూ అలాగే పిలుస్తున్నారు. నా పేరుతో ఎవరూ పిలవట్లేదు."

పక్కనే నిలబడి వింటున్న నాన్న తల దించుకున్నాడు. "భయంగా ఉందని చెప్పొచ్చుగా తల్లీ" అన్నాడు.

"దాన్ని భయం అంటారని నాకు తెలీదు నాన్నా. కడుపులోనే నొప్పిగా ఉంది."

మర్నాడు ముగ్గురూ కలిసి బడికి వెళ్లారు. అమ్మ సంగతంతా చెప్పింది. కొంగ పంతులు ఎత్తిన కాలు కింద పెట్టేశాడు. ఆ మాట అన్నట్టే ఆయనకు గుర్తులేదు.

"తప్పు నాదే. మన్నించు దూదీ" అన్నాడు, అందరి ముందూ. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఇవాళ ఎవరికైనా కడుపునొప్పిగా ఉందా?" అని అడిగాడు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నాకు ఉంది. దూది నన్ను మన్నిస్తుందో లేదోనని" అన్నాడు పంతులు.

అప్పుడు ఉడుత పిల్ల చెయ్యెత్తింది. తర్వాత ముంగిస పిల్ల. చివరికి దూది మెల్లగా అంది, "నాకు తగ్గింది పంతులుగారూ."

కథ అయ్యాక నాయనమ్మ నా పొట్ట తడిమి, "ఇప్పుడు చెప్పు. నీ మాడిమి ఏమిటి?" అని అడిగింది. ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను. అలా అడిగే నాయనమ్మ ఇప్పుడు లేదు. అందుకే మిమ్మల్ని నేను అడుగుతున్నాను, మీ మాడిమి ఏమిటి?

నీతి: పిల్లలు నొప్పి అన్నప్పుడు మందిచ్చి ఊరుకోకూడదు. వాళ్లు మనసు విప్పేదాకా పక్కన కూర్చోవాలి.