పన్నెండుమంది బోయీలకు ఒక ఏనుగు

కుంభవరమనే ఒకానొక రాజ్యాన్ని మల్లభూపతి ఏలేవాడు. మనసు మంచిదే, కానీ ఎవరైనా పొగిడితే చాలు, ఆయన ఉబ్బిన ఉబ్బుకు పల్లకీ ఇరుకైపోయేది. ఆ పల్లకీ మోసే పన్నెండుమంది బోయీల అవస్థ వేరే చెప్పనక్కర్లేదు.

బోయీలకు ఏడాది జీతం ఉగాదినాడు ఒకేసారి ముట్టజెప్పడం అక్కడి ఆచారం. ధరలు పెరిగితే జీతం పెంచాలి, తగ్గితే తగ్గించాలి. ఆ లెక్క కట్టేవాడు ఆస్థాన గణకుడు అనంత వాచస్పతి. ఆయన బజారు మొహం చూసి ఇరవై ఏళ్లయింది. అయినా కోటలో కూర్చునే దేశమంతటి ధరలూ తేల్చిపారేసేవాడు.

ఆ ఏడు వానల్లేక జొన్నల ధర రెట్టింపయింది. చింతపండు, ఆముదం కూడా అదే దారి పట్టాయి. ఉగాదికి ముందురోజు బోయీల పెద్ద ఈరన్న సభకొచ్చి దండం పెట్టాడు.

"మారాజా, సంగటి ముద్దకే కరువొచ్చింది. పిల్లలు గంజి తాగి పడుకుంటున్నారు. రవ్వంత జీతం పెంచండి సామీ."

"నా ఏలుబడిలో ధరలు పెరగడమా!" రాజు మీసం మెలేశాడు. "వాచస్పతీ, పట్టిక చదువు."

గణకుడు గొంతు సవరించుకున్నాడు. "మహాప్రభూ! ఏనుగుల ధర బాగా పడిపోయింది. ముత్యాలు, కస్తూరి, పన్నీరు, కుంకుమపువ్వు అన్నీ చవక. మొత్తం మీద రాజ్యంలో ధరలు పావువంతు తగ్గాయి."

"మరి జొన్నలో?" అన్నాడు ఈరన్న.

"అవీ ఉన్నాయయ్యా, అట్టడుగున. దేనిమీద ఎక్కువ ఖర్చవుతుందో దానికే లెక్కలో ఎక్కువ పాలు. రాజ్యంలో అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టేది ప్రభువులవారు. అందులో సగం ఏనుగులకే. ఇక నీ జొన్నలెంత, నువ్వెంత?"

రాజు పొంగిపోయాడు. "శభాష్! అయితే బోయీల జీతంలో పావువంతు కోసేయండి."

పెంచమని వచ్చిన ఈరన్న ఉన్నది కూడా పోగొట్టుకున్నాడు పాపం.

అప్పుడు వంటపెద్ద కోనప్ప ముందుకొచ్చాడు. కోట వంటశాల అతని అదుపులో ఉండేది గానీ, అతని నోరు మాత్రం ఎవరి అదుపులోనూ ఉండేది కాదు.

"మహాప్రభూ, జీతం డబ్బుగా ఇస్తే వీళ్లు మళ్లీ ధరలని ఏడుస్తారు. వాచస్పతిగారి పట్టిక ప్రకారం సరుకులే ఇప్పించండి. ఏ సరుకుకు లెక్కలో ఎంత పాలో అంత. ఇక నోరెత్తడానికే ఉండదు."

"భేష్!" అన్నాడు రాజు. తన పట్టికకు ఇంత గౌరవం దక్కినందుకు గణకుడూ మురిసిపోయాడు. ఈరన్న మాత్రం కోనప్పను కొరకొరా చూశాడు.

ఉగాదినాడు సరుకులు పంచారు. జీతంలో సగం ఏనుగులకు పోవాలి గనుక పన్నెండుమందికీ కలిపి ఒక ముసలి ఏనుగు వచ్చింది. తలా ఒక ముత్యం, చిటికెడు కుంకుమపువ్వు, బుడ్డెడు పన్నీరు. చివరాఖర్న గుప్పెడు జొన్నలు. ఆ జొన్నల్ని ఏనుగు అక్కడికక్కడే తినేసింది.

నాలుగోనాడు రాజు ఊరేగింపుకు బయల్దేరాడు. బోయీలు గుమగుమలాడుతున్నారు గానీ కాళ్లలో సత్తువ లేదు. పదడుగులేసి పల్లకీ దించేశారు. వెనకనుంచి వాళ్ల ఏనుగు వచ్చి పల్లకీకి కట్టిన చెరకుగడలు పట్టుకు లాగింది. పల్లకీ ఒరిగింది, రాజుగారు నడివీధిలో దొర్లారు.

"ఏమిట్రా ఇది!" అని గర్జించాడు రాజు.

"మారాజా, నాలుగు రోజులుగా కుంకుమపువ్వు నీళ్లే తాగుతున్నాం. ముత్యాన్ని పొద్దంతా ఉడకేసినా ఉడకలేదు సామీ," అన్నాడు ఈరన్న.

గణకుడు మండిపడ్డాడు. "ముత్యం ఎవడైనా తింటాడా? ఏనుగును అమ్ముకుని జొన్నలు కొనుక్కోవచ్చుగా!"

కోనప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మజూపారండీ, ఎవరూ కొనలేదు. ఈ రాజ్యంలో ఏనుగును కొనేది ఒక్క ప్రభువులవారే. వాచస్పతిగారూ, తమ పట్టికలో ధరలు తగ్గింది ఆ ఒక్క ఇంటికే. రాజ్యం ఒకటే గానీ పొయ్యిలు వేరండీ. ఈరన్న పొయ్యి మీదికి సంగటి ఎక్కుతుంది గానీ ఏనుగు ఎక్కుతుందా?"

రాజు గణకుణ్ణి చూశాడు, చెరకు నములుతున్న ఏనుగును చూశాడు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇకనుంచి మా ఇంటి లెక్క మాకు, బోయీల ఇంటి లెక్క బోయీలకు. వాచస్పతీ, రేపట్నుంచి గడపగడపకూ వెళ్లి కుండలో ఏముందో చూసి రాసుకో. ఈ ఏటికి మాత్రం జొన్నల ధర ఎంత పెరిగిందో జీతం అంత పెంచి, ఈ పూటే డబ్బు ఇచ్చేయండి. కోనప్పా, నీ తెలివికి మెచ్చాను. ఈ ఏనుగు నీకే బహుమానం!"

కోనప్ప గభాలున కాళ్లమీద పడ్డాడు. "తప్పయిపోయింది మహాప్రభూ, ఇంకెప్పుడూ నోరెత్తను!"

రాజు కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

ఆ పూట ఈరన్న పిల్లలు కడుపునిండా సంగటి తిన్నారు. రాజుగారు మాత్రం కోటదాకా నడిచే వెళ్లారు.