మేస్త్రి మూతి వాచిన రోజు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. వాగుకు ఇవతల పల్లం, అవతల గుట్ట. వానలు మొదలైతే పల్లమంతా మునిగిపోతుంది. అందుకని ఆ ఏడు వానలకు ముందే పిల్లాజెల్లాతో గుట్ట ఎక్కేయాలని జంతువులన్నీ అనుకున్నాయి. ఎక్కాలంటే వాగు దాటాలి. దాటాలంటే వంతెన కావాలి.

వంతెన పనికి మేస్త్రి జంబయ్య అనే ఎలుగుబంటి. పని బాగా వచ్చినవాడే. మనసూ మంచిదే. ఒక్కటే తెగులు, ఎదుటివాళ్లను మాట పూర్తి చేయనిచ్చేవాడు కాదు. వాళ్లు సగం చెప్పగానే మిగతా సగం తనే చెప్పేసేవాడు. అదేదో పెద్ద తెలివి అనుకునేవాడు కూడాను!

ఒకరోజు దుంగలు లాగే అడవిదున్న కొమ్మన్న వచ్చాడు.

"అన్నా, మా తమ్ముడు..."

"ఒంట్లో బాగాలేదు, చూసి రావాలి. అంతేగా? పని అయ్యాక వెళ్దువుగాని" అన్నాడు జంబయ్య.

కొమ్మన్న తెరిచిన నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి తీగలు కొరికి తెచ్చే ముళ్లపంది ముత్యాలు వచ్చింది.

"మేస్త్రీ, మా పిల్లలు..."

"అల్లరి చేస్తున్నారు, నువ్వు తొందరగా ఇంటికి వెళ్లాలి. తెలుసులే! ఈ కట్ట అయ్యేదాకా కదలడానికి వీల్లేదు."

ముత్యాలు ముళ్లు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. అయినా వెళ్లి మళ్లీ తీగలు కొరకసాగింది.

ఆ తరువాత నీళ్లలోకి దిగి రాళ్లు సర్దే నీటికుక్క గంగులు వచ్చాడు.

"అన్నా, అవతలి రాతి కింద..."

"చేపలున్నాయి, నీకు నోరూరుతోంది. పనివేళ వేట లేదు, వెళ్లు వెళ్లు!"

ఇంకేముంది? ఆ రోజు నుంచి ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. ఏది అడిగినా "అలాగే మేస్త్రీ", అంతే. మొదట్లో జంబయ్యకు హాయిగానే ఉంది. కానీ పనివాళ్లలో హుషారు తగ్గి పని నత్తనడక నడిచింది. మబ్బులు కమ్ముకొస్తున్నా వంతెన సగంలోనే ఉంది. పల్లంలో ఆడుకుంటున్న పసికూనలను చూస్తే జంబయ్యకు దిగులు పట్టుకుంది.

దిగులు మరిచిపోదామని వెళ్లి ఒక తేనెపట్టులో మూతి పెట్టాడు. తేనెటీగలు ఊరుకుంటాయా? ముక్కు, పెదవులు, నాలుక, ఒక్కటీ వదల్లేదు. మర్నాటికి మూతి గుమ్మడికాయంత అయింది. మాట కాదు కదా, మూలుగు కూడా సరిగ్గా రాలేదు.

అలాగే పనిలోకి వచ్చాడు. చూసి కొమ్మన్న జాలిపడ్డాడు.

"అయ్యో అన్నా! ఇవాళ నువ్వు కూర్చో. మా తమ్ముడు..."

అలవాటుకొద్దీ అక్కడ ఆగాడు. జంబయ్య ఏమీ అనలేదు. అనలేడు మరి! కొమ్మన్న అటూ ఇటూ చూశాడు. ఆ మాట ఎప్పుడూ అక్కడికంటే ముందుకు వెళ్లలేదు పాపం.

"మా తమ్ముడు కూడా పనికి వస్తానంటున్నాడు. నాకంటే బలమైనవాడు. ఆ రోజు చెబుదామని వచ్చింది అదే."

"మా పిల్లలూ అంతే మేస్త్రీ. తీగలు మోస్తామని ఒకటే గోల" అంది ముత్యాలు.

జంబయ్య చెవులు వాలిపోయాయి. అప్పుడు గంగులు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, అవతలి రాతి కింద ఇసుక కొట్టుకుపోతోంది. మన దుంగలన్నీ ఆనేది ఆ రాతి మీదే. ఇలాగే కట్టేస్తే, పిల్లలు దాటేటప్పుడు వంతెన కూలిపోతుంది."

జంబయ్యకు సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన తెలివి ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చేదో! గంగులు చెయ్యి పట్టుకుని, "పద, చూపించు" అన్నట్టు సైగ చేశాడు.

ఆ పూటే రాతి కింద బండలు పేర్చారు. కొమ్మన్న తమ్ముడు వచ్చాడు. ముత్యాలు పిల్లలు తీగలు మోశారు. పని పరుగందుకుంది. తొలివాన పడ్డ రోజున పల్లంలో ఉన్నవాళ్లంతా నవ్వుకుంటూ, తడుస్తూ వంతెన దాటారు. కింద వాగు ఎంత ఉరికినా రాయి కదల్లేదు.

ఆ సాయంత్రం గుట్ట మీద గంగులు, తాను ఒకసారి పెద్ద చేపతో పడ్డ పాట్లు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పి, చెప్పి, మధ్యలో ఏదో అనుమానం వచ్చి జంబయ్య ముఖంలోకి చూశాడు.

"అన్నా, నీ వాపు ఎప్పుడో తగ్గిపోయినట్టుందే! మరి మధ్యలో ఒక్క మాటైనా అనవేం?"

జంబయ్య నవ్వాడు.

"నువ్వింకా పూర్తి చేయలేదు కదరా గంగులూ. చెప్పు, ఆ తరువాత ఏమైంది?"

నీతి: తోటివారి మాటను మనమే పూర్తి చేస్తే, మనకు వినిపించేది మన ఊహే. కలిసి పనిచేసేచోట ఎదుటివారిని చివరిదాకా చెప్పనివ్వాలి, ఆ తరువాతే మనం మాట్లాడాలి.