ముళ్లపందిని మోసిన ఎలుగు

మోదుగుల కొండ మీద ఎండాకాలం వచ్చిందంటే ఆకులు మోకాలి లోతున రాలిపడతాయి. బాట పక్కన ఎవడో బీడీ ఆర్పకుండా పారేస్తే చాలు, కొండ కొండంతా అంటుకుంటుంది. అందుకని అక్కడి జంతువులు ఒక అగ్గిదండు పెట్టుకున్నాయి. దానికి పెద్ద ముసలి అడవిదున్న. కేక వినపడితే తింటున్న మేత వదిలేసి పరుగెత్తాలి. దానికి దక్కేదల్లా, ఎండల్లో మడుగు అడుగంటినప్పుడు దండులోవాళ్లు ముందు నీళ్లు తాగుతారు, అంతే.

చేరాలంటే ఒక పరీక్ష ఉంది. వాగులో సొరబుర్ర నింపి, ఆకుతో మూతి కట్టి, మెడకు తగిలించుకుని కొండ కొనన ఉన్న బోడిగుండు రాయి దాకా ఎక్కాలి. పొద్దు వాలేటప్పుడు గుండు నీడ నేరేడు చెట్టు మొదలు తాకేలోపు పైన ఉండాలి. పైకొచ్చినవాళ్ల బుర్ర మూత తీసి ఎవరూ చూడరు. మంటల్లో పక్కవాడి బుర్రలో నీళ్లున్నాయా అని చూసుకునే తీరిక ఉండదు కాబట్టి, మొదటిరోజు నుంచే నమ్మడం అలవాటు కావాలని దున్న పెట్టిన కట్టుబాటు అది.

చలికాలంలో ఒకరోజు ఎలుగు వచ్చి దున్న ముందు నిలబడింది.

"తాతా, నేనూ దండులో చేరతా."

దున్న నెమరు ఆపలేదు. "రెండేళ్ల కిందట కేక వేస్తే రానిదెవరు?"

"నేనే."

"ఎక్కడున్నావు?"

"ఇప్పపూలు తిని మత్తులో నిద్రపోయాను."

"గుర్తుందన్నమాట. నాకూ గుర్తుంది. నీ పొట్ట చూసుకున్నావా? నువ్వు రాకముందే అది వచ్చి నిలబడింది."

ఎలుగు తల వంచుకుంది. ఆ మాటకు కాదు. ఆ రోజు మంట ముళ్లపంది అవ్వ బొరియ వాకిలి దాకా వచ్చి ఆగింది. అవ్వకు రెండు కళ్లూ కనపడవు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న ఎలుగుకు దుంపలు తవ్వి పెట్టి పెంచింది ఆ అవ్వే. ఇంకోసారి మంట వస్తే తను ముందుండాలి. ఎలుగుకు కావాల్సింది అదొక్కటే.

మర్నాటి నుంచి పొద్దున్నే కొండ ఎక్కడం మొదలుపెట్టింది. సగంలోనే కూలబడి, రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

"ఒట్టి వీపుతో ఎక్కితే ఏం లాభం అమ్మీ, నన్ను మోసుకుపో," అంది అవ్వ.

"నీ ముళ్లు గుచ్చుకుంటాయి అవ్వా."

"ఒళ్లు కుదిపి నడిస్తే గుచ్చుకుంటాయి. కుదపకుండా నడవడం నేర్చుకో."

అలా ఇద్దరూ రోజూ ఎక్కారు. ఇప్పచెట్ల కిందినుంచి పోయేటప్పుడు ఎలుగు ముక్కు బిగబట్టుకునేది. నెల తిరిగేసరికి ముప్పావు కొండ ఎక్కింది. ఇంకో నెలకు గుండు దాకా వెళ్లింది. పైన అవ్వ గాలి పీల్చి అడిగింది.

"మోదుగలు పూసినట్టున్నాయే?"

"పూశాయి అవ్వా. కొండంతా ఎర్రగా ఉంది."

"మంటలాగానా?"

"అలాగే. వేడి మాత్రం లేదు."

దండులో చేరాలని నక్కకూ ఉంది. దానికి మడుగులో ముందు నీళ్లు కావాలి. బాట పక్క నీడలో పడుకుని ఎలుగును చూసి నవ్వింది.

"ఎందుకక్కా ఈ తిప్పలు? బుర్ర బరువెంతో ఎవరికి తెలుస్తుంది?"

"మోసేవాళ్లకు తెలుస్తుంది," అని ఎలుగు ఆగకుండా పోయింది.

పరీక్ష రోజున నక్క ఒట్టి బుర్రకే ఆకు కట్టి, ఊరికే వచ్చినట్టు పైకొచ్చేసింది. ఎలుగు నిండు బుర్రతో చివరి మలుపు తిరిగేసరికి నీడ నేరేడును తాకింది.

"జానెడు ఆలస్యం. వచ్చే ఏడు రా," అంది దున్న.

"జానెడే కదా తాతా," అంది నక్క, ఎలుగు మీద జాలి ఉన్నట్టు.

"మంటకు చెప్పు ఆ మాట," అంది దున్న నక్కతో. "దండులో చేరావుగా. నువ్వు అవ్వ బొరియ దగ్గర కాపలా ఉండు."

ఎలుగు ఇంటికొచ్చి అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ దాని వీపు తడిమింది. "రేపు కూడా ఎక్కుదామా?" అంది.

"ఎక్కుదాం అవ్వా."

పరీక్ష అయిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం దాటాక ఎలుగు వాగులో బుర్ర నింపుతుంటే దండులోని కాకి కేక వేసింది. బాట పక్క మంట లేచింది. దండంతా కిందివైపు ఆకులు గీకి నేల బయటపెడుతోంది. గాలి తిరిగి మంట అవ్వ బొరియ వైపు మళ్లింది.

"అక్కడ నక్క ఉంది, నిండు బుర్రతో," అని దున్న తన పని మానలేదు.

బొరియ దగ్గర నక్క తన సొరబుర్ర వంచింది. నీళ్లకు బదులు ఒక సాలీడు రాలింది. పారిపోదామని తిరిగేసరికి తోక అంటుకుంది. అప్పుడే ఎలుగు వచ్చింది. సగం నీళ్లు బొరియ ముందు ఆకుల మీద, సగం నక్క తోక మీద పోసి, అవ్వను వీపుకెత్తుకుంది. భయానికి అవ్వ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఎలుగు ఒళ్లు కుదపలేదు. పొగలో, కళ్లు మూసుకునే, రోజూ ఎక్కిన బాట ఎక్కి బోడిగుండు చేరింది.

మంట ఆరాక దున్న పైకొచ్చింది. నక్కను పిలిచింది.

"నీళ్లేవి?"

"దారిలో ఒలికిపోయాయి తాతా."

దున్న నక్క సొరబుర్రలోకి తొంగి చూసింది. "ఒలికితే లోపల సాలెగూడు తడవలేదేం?"

 ఆ ఎండాకాలమంతా నక్క, దున్న వేసిన శిక్షగా, రోజూ అవ్వకు నిండు బుర్ర మోసి, మడుగులో అందరి తర్వాత నీళ్లు తాగింది. తీసుకునేముందు అవ్వ ఆ బుర్రను ఊపి చూసేది.

మంట ఆరిన ఆ సాయంత్రమే దున్న ఎలుగు వెనక నిలబడి, వీపులో దిగిన ముళ్లు పళ్లతో ఒక్కొక్కటే పీకింది. అన్నీ అయ్యాక నేరేడు వైపు చూసింది.

"నువ్వు వచ్చినప్పుడు నీడ ఎక్కడుందో కిందినుంచి చూశాను. నేరేడును తాకడానికి ఇంకా రెండు జానలు ఉంది," అంది. "రేపు పొద్దున్నే రా. ఇప్పపూల సంగతి మాత్రం నేను మరిచిపోలేదు."

"నేనూ మరిచిపోలేదు తాతా," అంది ఎలుగు.

ఎవరూ చూడనప్పుడు మోసిన బరువే ఆపద రోజున మనల్ని మోస్తుంది.