మడచెట్టు బిడ్డను చంకదించని కథ

ఒకప్పుడు మడచెట్టు కూడా అన్ని చెట్లలాగే గింజలు రాల్చేది. పండిన గింజ టప్పున బురదలో పడేది. ఆ తరవాత దాని బతుకు దానిది.

ఆ రోజుల్లో గోదారి సముద్రంలో కలిసేచోట, చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటి ఉండేది. ఆ పేటలో అందరూ వలల వెంట వెళ్తే, మరిడమ్మ మాత్రం చెట్ల వెంట వెళ్ళేది. ఏ ఆకు ఎంత ఉప్పగా ఉందో నమిలి చూసేది. పోటునీరు ఎంతవరకు వచ్చిందో కర్ర పాతి గుర్తు పెట్టేది. ఏ మొక్క ఎన్నాళ్ళు బతికిందో తాడుకు ముడులు వేసుకునేది.

ఆమె చిన్నప్పుడు ఆ ఒడ్డంతా మడ అడవే. అమ్మ వెంట పీతలకు వెళ్తే, మిట్టమధ్యాహ్నం కూడా మొహం మీద ఎండ పడేది కాదు. చెట్ల వేళ్ళ సందుల్లో రొయ్యపిల్లలు చిటుకు చిటుకుమని ఎగిరేవి. ఆ తడి ఆకుల వాసన పరికిణీకి పట్టుకుని రెండు రోజులైనా వదిలేది కాదు. ఎంత పెద్ద గాలివానైనా ఆ అడవిని దాటి పేటలోకి వచ్చేసరికి అలిసిపోయేది.

ముసలి చెట్లు ఒక్కొక్కటే పడిపోయాయి. సముద్రం ఏటేటా ముందుకు జరగడంతో కొత్తవి మొలవలేదు. గింజ పడీ పడగానే పోటునీరు ఎత్తుకుపోయేది. మరిడమ్మ తల నెరిసేసరికి ఒకే ఒక్క మడచెట్టు మిగిలింది. పేటలో రెండు వరసల ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. ఇక ఇక్కడ ఉండలేమని, అందరం మెట్టకు వెళ్ళిపోదామని పెద్దలు తేల్చేశారు. మరిడమ్మ వాళ్ళను బతిమాలి మూడేళ్ళ గడువు తీసుకుంది.

మొదటి ఏడు ఆమె గింజలు ఏరి బురదలో లోతుగా నాటింది. ఒక్కటీ మిగల్లేదు. రెండో ఏడు కుండల్లో మట్టి పోసి, మంచినీళ్ళతో మొలిపించింది. లేత మొక్కల్ని ఒడ్డుకు తెచ్చి నాటితే ఉప్పుకు మాడిపోయాయి. అప్పుడు ఇంకో కుండలోని మొక్కలకు రోజుకో పుడిసెడు చొప్పున ఉప్పునీళ్ళు పెంచుతూ వచ్చింది. అవి బతికాయి. వాటిని ఒడ్డున నాటి, సంబరంగా కూర్చుని చూసింది. పోటు వచ్చి అన్నిటినీ పెకలించుకుపోయింది.

మరిడమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, నీకు వీటి మీద ఎందుకింత పగ అని పోటునీటిని అడిగింది.

"పగేం లేదమ్మా," అంది పోటునీరు. "చంద్రుడు రమ్మంటే వస్తాను, పొమ్మంటే పోతాను. తేలేదాన్ని తీసుకుపోతాను. లోతుగా దిగి నిలబడ్డదాన్ని నేనేం చెయ్యలేను."

బురదను అడిగితే, కుండలో చుట్టలు చుట్టుకున్న వేరు తన పట్టుకు దొరకదని చెప్పింది. నిటారుగా, బరువుగా వచ్చి దిగబడితే గట్టిగా పట్టుకుంటానంది.

మరిడమ్మ తన తాడు ముడులన్నీ తడుముకుంటూ చాలాసేపు ఆలోచించింది. తరవాత ముసలి మడచెట్టు దగ్గరికి వెళ్ళి దాని మొదట్లో కూర్చుంది. చిన్నప్పటినుంచీ ఆ చెట్టును పెద్దమ్మా అనే పిలిచేది.

"పెద్దమ్మా, నీ బిడ్డల్ని అప్పుడే వదలకు. కొమ్మ మీదే మొలకెత్తనీ. నీ పాలతోపాటే కొంచెం కొంచెం ఉప్పు అలవాటు చెయ్యి. చేతెడు పొడుగు పెరిగాక దించు."

చెట్టు వెంటనే ఒప్పుకోలేదు. తనకు వయసైపోయిందని, అన్ని నెలలు అంతమందిని మోస్తే కొమ్మలు ఎండిపోతాయని నెమ్మదిగా చెప్పింది. ఆ మాట నిజమని మరిడమ్మకు తెలుసు. అందుకే మళ్ళీ అడగలేకపోయింది. చెట్టు బెరడును చేత్తో నిమిరింది.

"మీ అమ్మ నిన్ను నడుముకు కట్టుకుని ఇక్కడికి వచ్చేది," అంది చెట్టు. "నడక బాగా వచ్చేదాకా నిన్ను బురదలో దింపలేదు. నేను మాత్రం నా పిల్లల్ని పుట్టగానే వదిలేశానమ్మాయ్. ఈసారి వదలను."

మూడో ఏడు గింజలు రాలలేదు. కాయలోంచే పచ్చటి మొలకలు దిగి, మునక్కాయల్లా వేలాడాయి. గడువు తీరింది. పేటవాళ్ళు పడవల్లోకి సామాన్లు ఎక్కించుకుంటున్నారు. మరిడమ్మ పిలిస్తే వచ్చి, చెట్టును చూసి ఆగిపోయారు. నీళ్ళు తీసిన వేళ ఒక మొలక జారి, ఈటెలా బురదలో దిగింది. పోటు వచ్చి దాన్ని ముంచింది, ఊపింది, వెళ్ళిపోయింది. మొలక అక్కడే నిలబడి ఉంది. పేటవాళ్ళు పడవల దగ్గరికి తిరిగి వెళ్ళారు. సామాన్లు దించుకున్నారు.

పెద్దమ్మ మొలకలన్నిటినీ అలాగే దించి, ఆ చలికాలానికే ఎండిపోయింది. మరిడమ్మ కన్నతల్లి పోయినట్టే ఏడ్చింది. పిల్లచెట్లు ఆమె నడుమెత్తు పెరిగేదాకా చూసి, ఆమె కూడా కన్నుమూసింది.

అప్పటినుంచే మడచెట్టు గింజను నేలమీద పారెయ్యదు. కొమ్మకే పట్టుకుని, మొలకెత్తించి, ఉప్పునీళ్ళు తట్టుకునే బలం వచ్చాకే బిడ్డను బురదకు అప్పగిస్తుంది.