మరగబెట్టిన నీళ్ళు

జగ్గప్ప మాస్టారిని ప్రశ్న అడిగినవాడు ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళిన రోజు లేదు. ఆయన జవాబు చెప్పరు, పని అప్పజెప్తారు. ముప్ఫై ఏళ్ళు విజయనగరంలో బడిపిల్లలకు సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఆదివారం పొద్దుటిపూట తన వరండాలో మాబోటి ముదురు పిల్లలకు వేదాంతం చెప్పేవారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన పాపానికి నేను మూడు వారాలు ఆయన పెరట్లో చిక్కుపడ్డ నులక విప్పుతూ కూర్చున్నాను. నా కోపం తగ్గలేదు గానీ ఆయనకో మంచం మాత్రం తయారైంది.

అందుకే ఆ ఆదివారం సన్యాసిరావు గొంతు సవరించుకోగానే మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. సన్యాసిరావు ఊళ్ళోని ఓ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ అటెండరు. కత్తెరలు, కత్తులు, గుడ్డలు ఆవిరి పెట్టెలో పెట్టి, క్రిమి అన్నది లేకుండా చేసి డాక్టర్ల చేతికి అందించడం అతని పని. పన్నెండేళ్ళలో మాట పడలేదు. కడిగి కడిగి అతని చేతులు తెల్లగా పొట్టు లేచి ఉండేవి. వరండా చివర జేబురుమాలు పరుచుకుని, ఎవరికీ తగలకుండా కూర్చునేవాడు.

"మాస్టారూ, మనకున్న ఒక్క పేనానికి ఏ ముప్పూ రాకండా కాపాడుకోవాలంటే ఏటి సెయ్యాలి?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రాణం ఎవరో మాకందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట అతనికి కొడుకు పుట్టి ఏడో రోజున జ్వరం వచ్చి పోయాడు. తర్వాత పుట్టిన కూతురు హైమకు అప్పటికి పదహారు నెలలు. ఆ పిల్ల అంతవరకూ నేల మీద కాలు మోపలేదు. ఇల్లు రోజుకు మూడుసార్లు ఫినాయిలుతో తుడవాలి. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనివాళ్ళు పిల్ల దగ్గరికి రాకూడదు. చూడ్డానికొచ్చిన అమ్మమ్మ చేతికే ఇవ్వకపోతే ఆవిడ ఏడుస్తూ బొబ్బిలి వెళ్ళిపోయింది. తల్లి నూకరత్నం చంకలో, లేకపోతే దోమతెర కట్టిన ఉయ్యాల్లో, అంతే ఆ పిల్ల లోకం. అతని ఆసుపత్రి డాక్టరే కాళ్ళు ఆడించి చూసి, లోపమేమీ లేదు, కింద దించండి, ఇంకా ఆలస్యం చేస్తే కాళ్ళకు బలం చాలదని గట్టిగా చెప్పాడు. సన్యాసిరావు తల ఊపి, పిల్లను ఎత్తుకునే ఇంటికి వచ్చేశాడు.

మాస్టారు లేచి కొట్టుగదిలోంచి ఖాళీ అక్వేరియం ఒకటి తెచ్చి అతని ముందు పెట్టారు. చిన్నదే, అడుగున్నర పొడవు. దాంతోపాటు గాలి పంపు, స్పాంజి ఫిల్టరు, ఓ సంచెడు గులకరాళ్ళు. వరండాలో ఉన్న తన పెద్ద తొట్టెలోంచి నాలుగు గప్పీ చేపల్ని పట్టి, నీళ్ళ కవరులో వేసి చేతికిచ్చారు.

"వీటిని పెంచు. నెల తర్వాత కనపడు."

"ఎలాగ పెంచాల మాస్టారూ?"

"నీ ఒక్క ప్రాణాన్ని ఎలా చూసుకుంటున్నావో అలాగే," అన్నారు మాస్టారు.

ఏం జరుగుతుందో ఆయనకు ముందే తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానమే. తెలిసే ఇచ్చి ఉంటే, ఆ చేపల తరఫున ఆయన మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. నులక విప్పినా తగ్గలేదని చెప్పాను కదా.

సన్యాసిరావు రాళ్ళను డేగిసాలో వేసి ఉడకబెట్టాడు. స్పాంజిని ఆసుపత్రికి పట్టుకెళ్ళి కత్తెరలతో పాటు ఆవిరి పెట్టెలో పెట్టాడు. అద్దాలు స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, ఇరవై నిమిషాలు మరగకాచి చల్లార్చిన నీళ్ళు పోశాడు. గదిలోని దుమ్ము నీళ్ళలోకి పోతుందని గాలి పంపు పెట్టనే లేదు. పైన మూత బిగించాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, తొట్టెలో నీళ్ళున్నాయని చేపలు కదిలితే తప్ప తెలిసేది కాదు. మర్నాడు అడుగున నాలుగు నల్లటి నలుసులు కనిపించాయి. చేపలన్నాక విసర్జన తప్పదు. అతనికి అసహ్యం కాదు, భయం వేసింది. చేపల్ని గిన్నెలోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు మళ్ళీ ఉడకబెట్టి, స్పాంజిని మళ్ళీ ఆవిరి పెట్టి, మొదట్నించీ మొదలుపెట్టాడు. రోజూ అంతే. నీరసంగా కనపడితే ఆకలేమోనని మేత ఇంకాస్త వేసేవాడు. అది సాయంత్రానికి కుళ్ళేది. కుళ్ళితే మళ్ళీ కడిగేవాడు.

మూడో రోజున చేపలన్నీ పైకొచ్చి నీటి అంచుకు మూతులు పెట్టి తెరుస్తూ మూస్తూ నిలబడ్డాయి. మరిగిన నీళ్ళలో గాలి మిగలదని, మూతేస్తే కొత్తది చేరదని మాస్టారు తర్వాత మాకు చెప్పారు. ఆ సంగతి సన్యాసిరావుకు తెలియదు. క్రిమి ఎక్కడో దాక్కుందనుకున్నాడు. ఇంకో పావుగంట ఎక్కువ మరిగించాడు. ఆ సాయంత్రం ఒకటి చచ్చిపోయింది. ఐదో రోజున రెండు పోయాయి. వాటిని గాజుగుడ్డలో చుట్టి, భార్య చూడకుండా బయటికి పట్టుకెళ్ళాడు. ఆమె చూడకపోవడమేమిటి, చంకలో పిల్లతో గుమ్మంలోనే ఉంది.

"ఆటికి ఊపిరాడతన్లేదు," అంది నూకరత్నం. "నీకు అగుపడతన్లేదా?"

అగుపడుతూనే ఉంది. తెరుచుకుని మూసుకుంటున్న ఆ నోరు అతనికి కొత్తది కాదు. ఏడో రోజున కొడుకు నోరు అలాగే ఆడింది. మిగిలిన ఒక్క చేప ముందు అతను ఒళ్ళంతా చెమట్లు పట్టి కూర్చున్నాడు. మరగబెట్టడం కాక ఇంకేం చెయ్యాలో అతనికెవరూ నేర్పలేదు. చివరికి ఆ చేపను స్టీలు క్యారియరు గిన్నెలో వేసుకుని, డ్యూటీకి సెలవు పెట్టి, పొద్దున్న పదింటికి మాస్టారింటికి పరుగెత్తుకొచ్చాడు. నేను అప్పుడు అక్కడే పేపరు చదువుతున్నాను.

మాస్టారు గిన్నె తీసుకుని తన తొట్టె నీళ్ళ మీద తేల్చారు. ఆ తొట్టె సంగతి చెప్పాలి. వెనక అద్దం నిండా పచ్చటి నాచు, అడుగున గోధుమరంగు మడ్డి, మధ్యలో ఓ చెట్టు వేరు, దాని చుట్టూ ఆకులు. ఆ ఆకుల మధ్య ముప్ఫై నలభై చేపలు కాలేజీ వదిలిన పిల్లల్లా తిరుగుతుంటాయి.

"ఆ మురికిలోనా!" అని అరిచాడు సన్యాసిరావు. "సచ్చిపోద్ది మాస్టారూ!"

"కూర్చో."

కాసేపయ్యాక మాస్టారు గిన్నెను మెల్లగా వంచారు. చేప జారి, అడుగుకు పోయి, పక్కకు వాలి పడిపోయింది. కదల్లేదు. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. పావుగంట, అరగంట. అంత చిన్న చేప కోసం అంత భయం ఎలా వచ్చిందో నాకు తెలియదు, కానీ వచ్చింది. సన్యాసిరావు ఉండబట్టలేక చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్ళలో పెట్టబోయాడు. మాస్టారు అతని మణికట్టు పట్టుకున్నారు. అప్పుడు బయటపడింది ఆ మాట.

"ఈ సేతులే మాస్టారూ," అన్నాడు. "ఆ దినం డ్యూటీనించి వచ్చి బాబుని ఎత్తుకున్నాను. కడుక్కున్నాననే గుర్తు. కడుక్కున్నానో లేదో. నాలుగేళ్ళబట్టి అదే గుర్తు తెచ్చుకుంటన్నాను. కడుక్కున్నానో లేదో."

నీ తప్పేమీ లేదని నేను అనబోయాను. మాస్టారు నా వైపు ఒక చూపు చూశారు. ఆయన కూడా అనలేదు. లేదని ఆయనకు మాత్రం ఎలా తెలుసు? పట్టుకున్న చేతిని వదల్లేదు, అంతే. ఆ చేతిని అలా ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. కడుక్కోకుండా తాకొద్దని అతను అందరినీ దూరం పెట్టాడు మరి.

పదకొండున్నర దాటాక చేప నిటారుగా నిలబడింది. తోక ఒకసారి ఆడించింది. వేరు వెనక్కి పోయి, కాసేపటికి ఇవతలికొచ్చి నాచును కొరికింది. సన్యాసిరావు వరండా మెట్టు మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మాస్టారు తన ఫిల్టరులోని స్పాంజి తీశారు. జిగురుగా, మట్టిరంగులో, పట్టుకోబుద్ధి కాకుండా ఉంది. దాన్ని కత్తెరతో సగానికి కోసి, తొట్టె నీళ్ళతో సహా ఆ క్యారియరు గిన్నెలో పెట్టారు.

"పట్టుకెళ్ళు. ఇందులో ఉన్నవాళ్ళని చంపకు."

"ఎవరున్నారు మాస్టారూ?"

"చేప విసర్జించింది తిని బతికేవాళ్ళు. వాళ్ళు లేకపోతే చేప తన మురికితో తనే పోతుంది. కంటికి కనపడరు. పన్నెండేళ్ళుగా నువ్వు ఆవిరి పెట్టెలో చంపుతున్నది వీళ్ళ చుట్టాలనే. అక్కడ చంపు, చంపాలి. ఇక్కడ వద్దు."

తర్వాత ఎలా మొదలుపెట్టాలో చెప్పారు. కుళాయి నీళ్ళు బకెట్లో రెండు రోజులు తెరిచి ఉంచి, బ్లీచింగు వాసన పోయాక పొయ్యాలి. పంపు ఆపకూడదు. మూడు వారాలు చేపలు వెయ్యకుండా ఆ కంటికి కనపడనివాళ్ళ కోసం రోజూ చిటికెడు మేత మాత్రం వెయ్యాలి. తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే చాలు. స్పాంజిని కుళాయి కింద పెట్టకూడదు, తీసేసిన పాత నీళ్ళలోనే పిండాలి. ఇంతే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఆ మూడు వారాలూ సన్యాసిరావు పడ్డ భయం నేను ఏ మనిషిలోనూ చూడలేదు. నాలుగో రోజుకు నీళ్ళు పాలవిరుగుడులా తయారయ్యాయి. ఆదివారం వచ్చి, "తెల్లగైపోయింది మాస్టారూ," అన్నాడు. "ఊ," అన్నారు మాస్టారు. "వాసనొస్తంది." "ఊ." "పారబోసేస్తాను మాస్టారూ." మాస్టారు పాఠం మొదలుపెట్టేశారు. ఇంటి దగ్గర అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని తొట్టె ఎదురుగా కూర్చునేవాడట. ఓ రోజు మధ్యాహ్నం భోజనానికొచ్చి, నీళ్ళు చూసి తట్టుకోలేక బకెట్టు ఎత్తాడు. నూకరత్నం పిల్లతో సహా వచ్చి తొట్టెకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు దాన్ని ముట్టుకున్నావంటే ఈ పిల్లనెత్తుకుని బొబ్బిలి ఎలిపోతాను. మరి రాను," అంది. ఆమె అంత మాట ఎన్నడూ అని ఎరగదు. బకెట్టు దించేశాడు. ఆ బకెట్టు పక్కనే కూర్చుండిపోయాడట.

పదకొండో రోజున నీళ్ళు తేటపడ్డాయి. మందు వెయ్యలేదు, కడగలేదు, కాయలేదు. బాగుపడినందుకు సంతోషించాల్సింది పోయి అతను మరింత బెదిరిపోయాడు. తను చెయ్యి పెట్టకపోయినా ఒకటి బాగుపడగలదంటే, ఇన్నాళ్ళూ తను చేసిందేమిటి? ఈ ప్రశ్న అతను మాస్టారిని అడగలేదు. నన్ను అడిగాడు. నా దగ్గర జవాబూ లేదు, అప్పజెప్పడానికి పనీ లేదు.

గడువు తీరాక మాస్టారు ఆ బతికిన చేపనూ, తోడుగా ఇంకో రెంటినీ ఇచ్చారు. అవి బతికాయి. రెండు వారాలు చూసి, నమ్మకం చిక్కాక, సన్యాసిరావు వచ్చి మాస్టారిని ఇంటికి పిలిచాడు. ఆయనతో నేనూ వెళ్ళాను. సాయంత్రం ఐదయింది. ముందుగదిలో ఇనప స్టాండు మీద తొట్టె ఉంది. అద్దం మూలల్లో సన్నగా పచ్చదనం పట్టింది. దాన్ని తుడవకుండా వదిలినందుకు అతని మొహంలో గర్వమూ దిగులూ రెండూ కనపడ్డాయి. నేల మాత్రం ఫినాయిలు వాసన కొడుతూనే ఉంది.

మాస్టారు చేపల్ని ఒక్క క్షణం చూసి, ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొచ్చారు. నూకరత్నం ఎదుట చేతులు చాచారు. ఆమె భర్త వైపు చూడకుండా పిల్లను ఇచ్చేసింది. ఆయన హైమను రెండు నిమిషాలు ఎత్తుకుని ఆడించి, మామూలుగా, బల్ల మీద పుస్తకం పెట్టినంత మామూలుగా, నేల మీద కూర్చోబెట్టారు.

సన్యాసిరావు గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పిల్ల రెండు అరచేతులతో నేలను తడిమింది. చల్లగా ఉందేమో, నవ్వింది. ఆ అరచెయ్యి నాకింది. అతను గోడకు ఆనుకుపోయాడు. ఆసుపత్రిలో ఎన్ని చూసినవాడో, ఆ నిమిషంలో మాత్రం అతనంత భయపడుతున్న మనిషి ఊళ్ళో ఇంకొకడు ఉండడు. పిల్ల కూర్చున్నది కూర్చున్నట్టే జరుగుతూ తొట్టె దాకా పోయింది. స్టాండు కమ్మీ పట్టుకుంది. ఒకసారి లేవబోయి చతికిలబడింది. మళ్ళీ పట్టుకుంది. ఈసారి లేచింది. మోకాళ్ళు గడగడ వణుకుతున్నాయి. అద్దం లోపల చేప ఎదురుగా వచ్చి ఆగితే, దాన్ని అందుకోవాలని ఒక చెయ్యి వదిలేసింది. వంటింటి గుమ్మంలో నూకరత్నం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"పడిపోద్ది మాస్టారూ," అన్నాడు సన్యాసిరావు.

మాస్టారు పిల్ల మీంచి చూపు తిప్పలేదు.

"పడుతుంది," అన్నారు. "నువ్విక్కడే ఉన్నావు గదా."