గోదాలోకి దిగే గురువు

రత్నగిరి పాఠశాల కుర్రాళ్లు పది రోజుల్లో పొరుగు రాజ్యం వాళ్లతో కుస్తీ పట్టాలి. నేర్పే గురువు లేడు. పోయినేడు ఇలాగే దిగి ఒకడు మెడ విరగ్గొట్టుకున్నాడు. గోదా మట్టి తవ్వే నూకాలు దాన్ని రోజూ రెండింతలు మెత్తగా తవ్వుతోంది. ఈసారి జట్టులో ఆమె కొడుకున్నాడు.

దివాను మాత్రం కుస్తీలోనూ వ్యాకరణంలోనూ ఆరితేరిన గురువే కావాలని పట్టుబట్టాడు. వచ్చిన వస్తాదులను ఆస్థాన పండితుడు సంధులడిగి పంపేశాడు. వచ్చిన పండితులను ఆస్థాన మల్లుడు ఎత్తి కుదేశాడు.

చివరి వస్తాదు కూడా వెళ్లిపోతుంటే నూకాలు ఉండబట్టలేక అడిగింది. "అయ్యా, కుస్తీ పరీక్ష కూడా ఈ పండితులవారే పెట్టొచ్చుగా?"

"ఆయనకి కుస్తీ ఏం తెలుసే?" అన్నాడు దివాను.

"పరీక్ష పెట్టడానికే తమకి ఇద్దరు కావలసొచ్చారు. నేర్పడానికి మాత్రం ఒక్కడే కావాలంటే ఎక్కణ్ణించి వస్తాడు దొరా?"

దివాను తేరుకుని, "ఆ వస్తాదుని పిలవండి" అనేసరికి, నూకాలు అప్పటికే వీధిలో అతని వెనక పరుగెడుతోంది.