మూతపడని పిడికిలి

డాక్టర్ పేరిందేవి పాఠం చెప్పేటప్పుడు పుస్తకం తెరిచేవారు కారు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఒక రోగి పేరు చెప్పేవారు. ఆ పెద్దాసుపత్రిలో కీళ్ళ జబ్బుల విభాగంలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

ఒకరోజు ఓపీ ముగిశాక శిష్యుడు ప్రభుదాసు అడిగాడు: "మేడం, పొద్దున వచ్చినావిడకి వేళ్ళు కొంచెమే వాచాయి. ఆర్నెల్ల తర్వాత రమ్మన్నానని మీరు కోప్పడ్డారు. వాపు ఎప్పుడు మందిచ్చినా తగ్గుతుంది కదా, అంత తొందర దేనికి?"

ఆమె కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "వజ్రేశ్వరి సంగతి చెబుతాను, విను" అన్నారు.

వజ్రేశ్వరి చెవిటి పిల్లల బడిలో పంతులమ్మ. పాఠమంతా చేతి సైగలతోనే. ముప్పై నాలుగేళ్ళప్పుడు ఆమె వేళ్ళు వాచాయి. చన్నీళ్ళు తగిలితే తెల్లగా పాలిపోయి, ఆపైన నీలంగా మారేవి. మొదటి డాక్టరు చలి వల్ల అన్నాడు. రెండో ఆయన మనసులో దిగులు పెట్టుకోవద్దన్నాడు. మూడో డాక్టరు పేరిందేవే. కిక్కిరిసిన ఓపీలో ఆ చేతుల్ని అర నిమిషం చూసి, నొప్పి బిళ్ళలు రాసి, "కొంచెం వాపేనమ్మా, ఓపిక పట్టండి" అని పంపేశారు.

ఆమె రెండేళ్ళు ఓపిక పట్టింది. ఒంట్లో పని మాత్రం ఆగలేదు. కాపాడాల్సిన కణాలే సొంత ఒంటిని శత్రువనుకుని గోల పెట్టాయి. ఆ గోల విని, గాయాలు పూడ్చే కణాలు లేని గాయానికి నార పోగులు అల్లాయి. గోల ఆగితే కదా అల్లిక ఆగడానికి! మెత్తని చర్మం తోలులా బిగిసింది. లోపల ఊపిరితిత్తుల్లోనూ అదే జరిగింది.

ఒకరోజు తరగతిలో ఆమె సైగ చేస్తుంటే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిడికిలి బిగిస్తే ఒక మాట, వేళ్ళు విప్పితే మరో మాట. ఆమె పిడికిలి మూతపడటం లేదు. ముందు బెంచీలో పిల్ల ఒకతె సాయం చేద్దామని లేచొచ్చి, తన రెండు చేతులతో టీచరు వేళ్ళు మూయబోయింది. కణుపు దగ్గర చర్మం చిట్లి రక్తం వచ్చింది. పిల్ల బావురుమంది. 'నీ తప్పు కాదమ్మా' అని సైగ చేయబోయింది వజ్రేశ్వరి. ఆ సైగా కుదరలేదు.

ఆ వారమే హెడ్మాస్టరు ఆమెను పాఠాలు మాన్పించి స్టోరు గది పనికి మార్చాడు. మర్నాడు ఆమె ఆయాసపడుతూ మెట్లెక్కి పేరిందేవి గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఓపిక పట్టమన్నారు, పట్టాను! నా చేతులు మాట్లాడితేనే ఆ పిల్లలకి పాఠం. ఆ రోజు ఇంకో నిమిషం చూస్తే మీ సొమ్మేం పోయింది, డాక్టరు గారూ?"

వరసలో ఉన్నవాళ్ళంతా తొంగిచూశారు. పేరిందేవి లేచి వచ్చి, ఆ చేతుల్ని పట్టుకుని ఒక్కో వేలూ పరీక్షించారు.

గోల అణిచే మందులు అప్పుడు మొదలయ్యాయి. గోల అణిగింది. ఊపిరి అంతకంటే దిగజారకుండా నిలిచింది. అప్పటికే అల్లుకుపోయిన నార మాత్రం విడలేదు. వేళ్ళు సగం వంగి అలాగే ఉండిపోయాయి. ఆమె మళ్ళీ పాఠం చెప్పలేదు.

ప్రభుదాసు లేచి, పొద్దుటి రోగి కాగితం వెతికి, ఫోను చేసి రేపే రమ్మన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "ఆవిడ మిమ్మల్ని క్షమించిందా, మేడం?"

"నేను అడగలేదయ్యా" అన్నారు పేరిందేవి. "అడిగితే, ఇంకోసారి ఓపిక పట్టమన్నట్టే కదా."